చెల్లెలి ఊరికి కట్టిన జీపు

"రంగు రెండు కోట్లు కొట్టు. ఒక్కటే కొట్టి కూసుంటే తుప్పు మళ్ల పైకొస్తది."

"నాకు తెల్వదా? నువ్వు జల్దీ పో, బస్సు పోతది."

"పని తెల్సు నీకు. ఓపికనే తెల్వదు."

"అవ్, నీ ఓపిక చూస్తనే ఉన్న. మూడేండ్ల సంది ఒక్క జీపు లేస్తలేదు."

ఆయన నవ్వాడు. సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు అవే. మొగుడూ పెళ్లాల చివరి మాటలంటే ఏవో పెద్ద మాటలు ఉంటాయని జనం అనుకుంటారు. మావి తుప్పు గురించి.

ముందు చక్రాలకు బేరింగులు తేవడానికి ఖమ్మం వెళ్లాడు. సాయంత్రం బస్సు మా షెడ్డు ముందే ఆగింది. ఆయన దిగలేదు, కండక్టరు దిగాడు. కిటికీకి తల ఆనించి ఉంటే నిద్రపోతున్నాడనే అందరూ అనుకున్నారట. స్టేజీ వచ్చిందని తట్టి లేపితే ఒళ్లు చల్లగా తగిలిందట. ఆ బేరింగుల సంచి ఆయన ఒళ్లోనే ఉంది. కండక్టరు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా చేతులనిండా ఎర్ర రంగు. ఒక కోటు కొట్టి, అది ఆరడం కోసం చూస్తున్నాను అప్పుడు.

నాకు రాయడం రాదు. నా పేరులో మూడు అక్షరాలు, అవి మాత్రం గీస్తాను. నేను చెప్తుంటే రాస్తున్నది నా చెల్లెలి బిడ్డ. మధ్యలో ఆగి, "పెద్దమ్మా, గిది కూడ రాయాల్నా?" అని అడుగుతోంది. రాయమంటున్నాను.

మా షెడ్డు పాల్వంచ దాటాక భద్రాచలం పోయే రోడ్డు పక్కన ఉండేది. పైన రేకులు, ముందు రోడ్డు, వెనక అడవి. కలప లారీలు, వెదురు లారీలు, బీడీ ఆకు లారీలు, ఏది చెడిపోయినా మా దగ్గరే ఆగాలి. ఆయన మెకానిక్కు, నేను ఆయన రెండో చెయ్యి. పానాల మీద అంకెలు నేను చదవలేను. కానీ ఆయన బండి కింద పడుకుని చెయ్యి బయటికి చాపితే ఆ చేతికి ఏ పానా కావాలో నాకు తెలిసేది. చేతిలో బరువు చూసి ఇచ్చేదాన్ని. కొత్తగా వచ్చిన డ్రైవర్లు చూసి ముక్కున వేలేసుకునేవారు. పాతవాళ్లు మాత్రం ఆయన లేనప్పుడు కూడా ఆగి, "అక్కా, జర సౌండు విని చెప్పు" అనేవారు.

ఒకసారి లారీ గేరుబాక్సు దించుతుంటే తాడు జారింది. నేను పక్కకు జరిగేలోపే అది నా ఎడమ కాలి మీద పడింది. భద్రాచలం దవాఖానాలో ఆరు వారాలు ఉన్నాను. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. అప్పటి నుంచి షెడ్డులోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి బావికి, అంతే నా నడక. మైలు దూరం నడిస్తే మూడు రోజులు మంచం. తాడు కట్టింది ఆయనే. ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు, ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

నాకు ఒక్కతే చెల్లెలు. మా అమ్మ పోయినప్పుడు దానికి నాలుగేళ్లు, నా చంకలోనే పెరిగింది. వెదురు నరికే కూలీని పెళ్లి చేసుకుని, అతనితో పని ఉన్నచోటల్లా అడవుల వెంట తిరిగి, చివరికి శబరి నదికి అవతల, మల్కనగిరి దారిలో ఒక చిన్న ఊళ్లో ఇల్లు వేసుకుంది. పదకొండేళ్లు దాని మొహం చూడలేదు. కుంట అనే ఊరి దాకా బస్సు ఉంది. అక్కడ నావెక్కి ఏరు దాటాలి. దాటాక రెండు రోజుల నడక. రెండు రోజులు నడిచే కాలు నాకేదీ? అక్కడి నుంచి ఇటు వచ్చిన కూలీలెవరో ఒకసారి కబురు తెచ్చారు. "మీ చెల్లెకు బిడ్డ పుట్టింది. అక్క చచ్చిందా బతికిందా అని అడగమన్నది." ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. రాత్రి ఆయన అన్నాడు, "బండి కడత. నిన్ను దాని గుమ్మం ముంగట దింపుత."

అలా మొదలైంది జీపు.

ఎవరో కాంట్రాక్టరు అడవిలో వదిలేసిన పాత మిలిటరీ జీపు అది. డ్రైవరు సీట్లో చెదలు పుట్ట పెట్టాయి. ఎడ్లతో లాక్కొచ్చాం. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ దాన్ని కాలితో తన్నిపోయినవాళ్లే. ఆయన మాత్రం దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, "ఎముకలు మంచిగనే ఉన్నయి" అన్నాడు.

పెట్రోలు ఇంజను తీసేసి పాత వ్యాను డీజిలింజను పెట్టాడు. పెట్రోలు ఆ అడవిలో ఎక్కడ దొరుకుతుంది? డీజిలైతే దారిన పోయే లారీవాడిని అడిగినా ఒక డబ్బా పోస్తాడు. ఆ ఇంజనూ ఈ గేరుబాక్సూ ఒకదానికొకటి కలవవు. నడుమ ఒక ఇనుప ప్లేటు కావాలి. దాన్ని ఆకురాయితో ఇద్దరం రుద్దాం, ఒక వానాకాలం పొడుగునా. నా కాలు ముడుచుకుని కూర్చోలేనని ఛాసిస్‌ను నడుమకు కోసి, మూరెడు పొడుగు పెంచి, లోపల ఇనుప పట్టీలు వేసి అతికాడు. వెనక సీట్లు పీకి పలకలు పరిచాడు, పడుకోవడానికి. పలకల కింద నీళ్ల డబ్బా, గిన్నెల పెట్టె, కిరోసిన్ పొయ్యి. లారీ కమాను పట్టీలు కోసి కింద వేస్తే బండి మోకాలంత ఎత్తు లేచింది. ఇంజను గాలి పీల్చే గొట్టం, పొగ వదిలే గొట్టం, రెండింటినీ అద్దం పక్కనుంచి పైకప్పు దాకా లేపాడు, వాగులో నీళ్లు తాగకుండా. ముందు బంపరుకు పెద్ద కొక్కెం. ఎక్కడన్నా దిగబడితే చెట్టుకు చైను పుల్లీ కట్టి చేత్తో లాక్కోవడానికి.

"ముక్కు నెత్తి మీద ఉన్న బండిని యాడ చూడలే" అని లారీ డ్రైవర్లు ఎగతాళి చేసేవారు.

"వాగుల మునిగినప్పుడు నీ ముక్కు యాడుంటదో చూస్త" అనేవాడు ఆయన.

ఆ బండి బేరింగుల కోసం పోయినప్పుడే ఆయన పోయాడు.

కర్మలన్నీ అయ్యాక మా మరిది షెడ్డుకు వచ్చాడు. ఆయన తమ్ముడు, లారీ డ్రైవరు, పెళ్లాం పిల్లలతో సత్తుపల్లిలో ఉంటాడు. నోరు దురుసు, మనసు మంచిది. షెడ్డులో చక్రాలు లేకుండా దిమ్మెల మీద ఉన్న జీపును చూసి, "తుక్కుకు వేద్దాం వదినా. గిది చూస్కుంట కూసుంటే నువ్వు తేరుకోవు" అన్నాడు.

"చక్రాలు వెయ్యి."

"ఏంది?"

"బేరింగులు తెచ్చిండు గద మీ అన్న. చక్రాలు వెయ్యి. ఇంక ఏమున్నది, కరెంటు వైర్లు, బ్రేకులు. మిగతాది నేను అందిస్త."

"నీకు పిచ్చి లేసింది వదినా. యాడికి పోతవ్ దీంట్ల?"

"మా చెల్లె తానికి."

అతను నా మొహం చూశాడు. లారీ దిగినప్పుడల్లా వచ్చి, వచ్చినప్పుడల్లా తిడుతూ, ఆ బండిని పూర్తి చేశాడు. రెండో కోటు నేనే కొట్టాను. "ఒక్క మాట మాత్రం విను వదినా," అనేవాడు. "గేరుబాక్సు జోలికి పోకు. ఒక కాలు తిన్నది సాలదా?"

ఇంజను మొదటిసారి అందుకున్న రోజు నల్లటి పొగ పైకప్పు మీది నుంచి లేచింది. మరిది ఎగిరి గంతేశాడు. నేను చెవి పెట్టి విన్నాను. మూడో సిలిండరు కొంచెం కొట్టుకుంటోంది. అదీ సర్దాం.

కోతలైన చలికాలంలో బయలుదేరాం. మరిదికి లారీ ఓనరు ఐదు రోజులే సెలవిచ్చాడు. బయలుదేరే పొద్దున అతను నిమ్మకాయల కోసం వెళ్లినప్పుడు నేను గేరుబాక్సు మరలు విప్పి వేలు పెట్టి చూశాను. నూనె తక్కువగా ఉంది. ఆ ప్లేటు దగ్గర చెమ్మగా కారుతోంది. గేరాయిల్ డబ్బా చూస్తే ఖాళీ. అడగడానికి మరిది లేడు, ఉంటే తిడతాడు. ఇంట్లో ఇప్పనూనె ఉంది. అడవి ఊళ్ల ఆడవాళ్లు గొడ్డళ్లకు సాన పెట్టించుకుని, కూలి కింద తెచ్చిచ్చేవారు. నూనె నూనే కదా అనుకున్నాను. శేరు నూనె పోసి, మరలు బిగించి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు పక్కింటి ముసలామె, "నువ్వు జర ఎనక నిలబడు, మా కోడలు నీళ్లు చల్లేదాక" అంది. మొగుడు పోయినదాన్ని కదా. మరిదికి ఒళ్లు మండింది. "గా బండికి ఎనక నిలబడాల్సింది నువ్వవ్వా, దుమ్ము నీ మొకం మీదికొస్తది," అని నన్ను రెక్క పట్టి ముందు సీటెక్కించాడు.

గోదావరి వంతెన దాటుతుంటే కింద నీళ్లు చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ రోడ్డు మీద వేల బండ్లను బాగు చేసి పంపాను గానీ, భద్రాచలం దవాఖానా దాటి ఆ బండ్లు పోయే చోటుకి ఒక్కసారి పోలేదు. చింతూరు దాకా రోడ్డున్నట్టే ఉంది. తర్వాత అడ్డంగా ఒక వాగు. మరిది దిగి ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు, ఫ్యాను నీళ్లను ఇంజను మీదికి చిమ్మకుండా. బండి ఒక్కో అడుగు దిగింది. నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. ఇంజను ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పొగ మా నెత్తి మీదే కక్కుతూ గట్టెక్కింది. "ఓయన్నా! దాటినం!" అని మరిది ఆకాశం వైపు అరిచాడు.

కుంటకు ఇవతల ఒక కోయ ఊళ్లో, ఒక అవ్వ ఇంటి ముందు బండి ఆపుకుని పడుకున్నాం. తెల్లారితే మంచు, ఎముకలు కొరికే చలి. ఇంజను అందుకుంది. గేరు పడలేదు. మరిది రెండు చేతులతో నూకినా రాడ్డు కదలలేదు. ఏదో పళ్లచక్రం విరిగి ఇరుక్కుందన్నాడు. కింద దూరి చూసి, పైకి వచ్చి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"అయిపోయింది వదినా. గీ అడవిల గేరుబాక్సు విప్పి బాగుచేసుడు నాతోని కాదు. ఇయ్యాల్నే కుంటకు పోయి లారీ పట్టుకుందాం. బండి ఇక్కన్నే ఉండనీ."

"మళ్ల ఎప్పుడొస్తం?"

అతను పలకల మీది మూట కిందికి లాగాడు. వదిలిపెట్టిపోయిన బండికి ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ సీట్లో పుట్టలు లేస్తాయి. నా చెల్లెలు అక్కడే, నేను ఇక్కడే.

అతను సామాను దించుతుంటే నేను అవ్వ పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆమె కూర వండబోతూ నూనె సీసా తీసింది. వంచితే పడలేదు. లోపల నూనె తెల్లగా పేరి ఉంది. ఆమె ఏమీ కంగారు పడలేదు. సీసాను పొయ్యి పక్కన బూడిదలో ఆనించి, నన్ను చూసి బోసినవ్వు నవ్వి, "సలి," అంది. చూస్తుండగానే సీసా అంచున తెలుపు కరిగి, పచ్చని నూనె కిందికి జారింది.

ఇప్పనూనె చలికి పేరుతుంది. చిన్నప్పటి నుంచి దీపాల్లో, కూరల్లో, తలకు వాడినదాన్ని, చలికాలంలో ఎండలో పెట్టుకుని పోసుకున్నదాన్ని, నాకు తెలియకేం? కానీ అది గేరుబాక్సులో ఉన్నప్పుడు కూడా ఇప్పనూనేనని తోచలేదు. చెప్పకుండా ఉంటే ఆ తప్పు ఎవరికీ తెలియదు. చెప్తే మరిది తిట్టే తిట్లు అడవంతా వింటుంది. కుంటుకుంటూ వెళ్లాను.

"మరిదీ, ఆగు. ఒక్క మాట చెప్త, తిట్టకు."

"ఏంది?"

"గేరుబాక్సుల ఇప్పనూనె పోసిన."

"ఏం పోసినవ్?"

"ఇప్పనూనె. శేరు."

అతను చేతిలో మూట కింద పెట్టాడు. "గేరుబాక్సుల గారెలు గాల్చుకుంటవా వదినా?"

"డబ్బ ఖాళీగ ఉండె. నీకు చెప్తె తిడతవని..."

"ఇప్పుడు ముద్దు పెట్టుకుంటననుకున్నవా?" అని మొదలుపెట్టి, నన్నూ, మా పుట్టింటివాళ్లనూ, నాకు పానా పట్టడం నేర్పిన వాళ్లన్ననూ కలిపి తిట్టాడు. తిట్లు అయిపోయాక ఒక్కసారి తల పట్టుకుని, "అంటే గేరుబాక్సు విరగలే," అన్నాడు మెల్లగా.

"విరగలే. పేరుకున్నది."

అవ్వ ఇనుప తట్టలో నిప్పులు పోసిచ్చింది. డీజిలు పైపుకు దూరంగా, గేరుబాక్సుకు సరిగ్గా కింద పెట్టి, మరిది పక్కన పడుకుని కాపలా కాశాడు. కాసేపటికి కమ్మటి వాసన లేచింది. ఊరి జనం చుట్టూ చేరి, బండికి వంట చేస్తున్నారని నవ్వారు. నేను సీటెక్కి గేరు రాడ్డు పట్టుకున్నాను. మొదట కొంచెం ఊగింది. తర్వాత వెన్నలో కత్తి దిగినట్టు దిగింది.

"పడ్డది!" అన్నాను.

"పట్టుకొని కూసో, మళ్ల పేరుకుంటది," అన్నాడు మరిది కింది నుంచే.

కుంటలో తెలిసిన లారీవాడు గేరాయిల్ ఇచ్చాడు. ఇప్పనూనె వేడిగా ఉన్నప్పుడే వంపేశాం. రెండు నావలు జతకట్టి, పైన పలకలు పరిచి, జీపును ఏరు దాటించారు. అవతల ఇక రోడ్డు లేదు. బండి జాడలు, ఎండిన వాగులు, రాళ్లు. ఒకచోట ఇసుకలో దిగబడితే మద్ది చెట్టుకు చైను కట్టి మరిది లాగాడు, నేను స్టీరింగు పట్టాను. మర్నాటి మధ్యాహ్నం చెల్లెలి ఊరు చేరాం.

ఊళ్లో ఒక్క మనిషి లేడు. పొయ్యిల మీద కుండలు ఉడుకుతున్నాయి. కోళ్లు తిరుగుతున్నాయి. ఒక ఇంటి ముందు చేటలో బియ్యం సగం చెరిగి ఉన్నాయి. మరిదికి భయమేసింది. నాకు అర్థమయింది. ఆ అడవుల్లో జీపు వచ్చిందంటే ఫారెస్టువాళ్లే. పోడు కొట్టుకున్నవాళ్లు, దూలాలు కోసుకున్నవాళ్లు, ఇంజను వినగానే అందరూ పొదల్లోకి ఉరికారు. పదకొండేళ్లకు అక్క వస్తే, చెల్లెలు పారిపోయింది.

బండి మీద నిలబడి గొంతు చించుకున్నాను. "ఓ చెల్లే! ఫారెస్టోళ్లం కాదే! నేనే! నీ అక్కనే!"

చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత తునికి పొదల్లోంచి ఒక తల లేచింది. సగం నెరిసిన జుట్టు, చేతిలో గొడ్డలి. నేను పోల్చుకోలేదు. నడక చూసి పోల్చుకున్నాను. కొంగు పట్టుకుని దాని వెనక ఒక చిన్నపిల్ల.

"కుంటిదానివి గద, గింత దూరమెట్ల వచ్చినవే?" అంది. అదే దాని మొదటి మాట.

"గీ బండిల కూసొని వచ్చిన."

"బావ ఏడీ?"

చెప్పాను. అది గొడ్డలి కింద పెట్టింది. నన్ను పట్టుకుని ఏడవలేదు. బండి చుట్టూ తిరిగింది, పైకప్పు దాకా లేచిన ఆ గొట్టాన్ని కింది నుంచి పైదాకా చేత్తో తడిమింది. అప్పుడు ఏడ్చింది.

ఒక్క పూటే ఉన్నాం, మరిది సెలవు అయిపోతోంది. కానీ ఆ తర్వాత ప్రతి చలికాలం పోయాం. మూడో ఏడు మా చెల్లెలు తన బిడ్డను ఆ పలకల మీద కూర్చోబెట్టి, "మా ఊళ్లె బడి లేదు. నువ్వు చదివియ్యి," అంది. పాల్వంచ బళ్లో వేశాను. ఇప్పుడు తను రాస్తోంది, నేను చెప్తున్నాను. పొదల్లో దాక్కున్నది తానేనని రాయడానికి దీనికి సిగ్గుగా ఉంది. రాశావా లేదా?

ఇంతే, చాలు. మొదటి నుంచి ఒకసారి చదువు బిడ్డా. నాకు చదవరాదని ఏదీ మింగేసి పోకు. మీ బాబాయి తిట్లు కూడా చదువు. చదువు, వింటాను.